పీట ఎక్కిన అమ్మ

ఆదివారం తెల్లారగానే మాస్టారు చేసే మొదటి పని, ముందుగది గోడ మీదున్న తన ఫోటోను దించి మంచం కిందికి తోసెయ్యడం. అలాంటిలాంటి ఫోటో కాదది. వేదిక మీద మైకు ముందు నిలబడి, కళ్ళు కాస్త తడి చేసుకుని, చేతిలో జ్ఞాపిక పట్టుకుని ఉంటారు మాస్టారు. కింద బంగారు రంగు అక్షరాల్లో ఆయన రాసిన కవిత పేరు, ‘పీట ఎక్కిన అమ్మ’. మిగతా వారమంతా తలుపు తోసుకుని వచ్చినవాళ్ళకి మొట్టమొదట కనపడేది అదే. పాలవాడు కూడా ఒకసారి దణ్ణం పెట్టి పోయాడు.

“ఇదేం చోద్యమండీ!” అని భార్య బుగ్గలు నొక్కుకుంది మొదటి ఆదివారం. “చుట్టాలొస్తున్నారంటే ఇలాంటివి బయటికి తీసి తగిలించుకుంటారు గానీ దాచుకుంటారా ఎవరైనా? ఎక్కడైనా కొట్టుకొచ్చారా ఏమిటి?”

“మేకు వదులైంది. ఎవరి మీదైనా పడుతుందని తీశాను.”

“వారమంతా పడనిది ఆదివారమే పడుతుందా?”

ఏళ్ళ తరబడి పిల్లల చేత ప్రశ్నలకు జవాబులు రాయించిన మనిషి, కట్టుకున్నావిడ అడిగిన ఒక్క ప్రశ్నకు చొక్కా గుండీలు సర్దుకుంటూ వాకిట్లోకి జారుకున్నారు. అప్పటికే వీధి మలుపులో అక్క కనపడుతోంది. భుజానికి గుడ్డ సంచి, సంచిలో పదో తరగతి వాచకం. ఒక పక్కకి ఒరుగుతూ నడుస్తుంది ఆవిడ. ఆ ఒరగడం ఎప్పటి నుంచి వచ్చిందో మాస్టారికి బాగా తెలుసు.

అవునండీ, పదో తరగతి వాచకమే. అక్కకి యాభై దాటి చాలా కాలమైంది. మూడు దర్జీ కొట్ల నుంచి చొక్కాలు తెచ్చుకుని ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టి పంపిస్తుంది. భర్త ఒక గోదాము దగ్గర కాపలా ఉంటాడు. కొడుక్కి పెళ్ళయింది, మనవరాలు బడికి పోతోంది. ఇన్నాళ్ళకి ఆవిడకి పరీక్ష కట్టాలని బుద్ధి పుట్టింది. ఎందుకక్కా అంటే, “ఊరికేరా. చేతులు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి, తల ఖాళీగా ఉంటోంది,” అంది. తక్కిన పాఠాలు ఎలాగోలా నెట్టుకొస్తానుగానీ ఈ కవిత ఒక్కటీ నువ్వు చెప్పు తమ్ముడూ, పరీక్షకి తప్పకుండా ఇదే ఇస్తారంటున్నారు, అంది. ఆ మాట అన్న రోజు మాస్టారికి గొంతులో మంచినీళ్ళు అడ్డం పడ్డాయి.

ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాస్టారికి ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. ఉన్నది ఒకే గది, దాని వెనక చిన్న వంటిల్లు. తల్లి నూలు మిల్లులో పనికి కుదిరింది. బండ మనిషి కాదుగానీ పొడగరి, మా చెడ్డ పొడగరి. గుమ్మం దాటాలంటే తల వంచాల్సి వచ్చేది. వంటింట్లో పొయ్యి గట్టు కట్టిన తాపీ మేస్త్రీ ఆవిడ నడుము ఎత్తు చూసి కట్టాడు. అందరికీ తెలిసిన సంగతే, ఆవిడ పొద్దుటే మిల్లుకి పోతే దీపాలు పెట్టే వేళకి వచ్చేది. వచ్చాక కాళ్ళు చాపుకుని అలాగే నిద్రపోయేది. పాపం, ఆవిడ చెయ్యగలిగింది ఆవిడ చేసింది. ఇంట్లో చంటిపిల్లాడిని చూసుకోవడానికి మనిషి కావాలి కదా. ఆరో తరగతి చదువుతున్న కూతురిని మాన్పించేసింది. ఒక్క ఏడాదే అంది. ఆ ఏడాది ఇప్పటి దాకా పూర్తి కాలేదు.

తల్లి నడుము ఎత్తులో ఉన్న పొయ్యి ఆ పిల్లకి అందదు. అందుకని పీట వేసుకుని ఎక్కేది. దండెం అందదు, బిందె బోర్లించి ఎక్కి బట్టలు ఆరేసేది. తమ్ముడు బొద్దుగా ఉండేవాడు, చంకన వేసుకుంటే ఆ పిల్ల సగానికి వంగిపోయేది. వాడు పెరిగి బళ్ళో చేరాడు, చదివాడు, మాస్టారయ్యాడు. అదే మన మాస్టారు.

తల్లి పోయిన మరుసటేడు, ఒక వారపత్రిక వాళ్ళు అమ్మ మీద కవితల పోటీ పెట్టారు. మాస్టారి దగ్గర అప్పటికే ఒక కవిత ఉంది. ‘పీట ఎక్కిన అక్క’. ఒక మధ్యాహ్నం కూర్చుని అక్క అని ఉన్న ప్రతి చోటా అమ్మ అని మార్చేశారు. అంతకంటే పెద్ద శ్రమేమీ పడలేదు. అక్క గురించి రాస్తే ఎవరు ఏడుస్తారు, అమ్మ అంటే రాయి కూడా కరుగుతుంది అనుకున్నారు. మనిషిని మార్చారు గానీ పీటని మాత్రం ఉంచేశారు. పీట తీసేస్తే కవిత ఏముంది? అమ్మ ఎంత పొడుగు మనిషో ఆ మధ్యాహ్నం ఆయనకి గుర్తే రాలేదు. వచ్చినా ఆగేవారు కాదేమో.

నిజంగానే రాళ్ళు కరిగాయి. మొదటి బహుమతి వచ్చింది. సభ పెట్టారు. “అక్కా, దూరం, నీకు మోకాళ్ళ నొప్పులు కదా,” అని ఆవిడని రానివ్వలేదు. మైకు ముందు “మా అమ్మే నా మొదటి బడి,” అని చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత కవిత కలం పేరుతో వాచకంలోకి ఎక్కింది. గైడు వేసేవాళ్ళు వచ్చి, రాసినవారు మీరే కదా, ప్రశ్నలూ జవాబులూ కూడా మీరే రాసిపెట్టండి అన్నారు. అదీ రాశారు. ‘కవి హృదయం’ అన్న శీర్షిక కింద పేజీలు నింపారు. కలం పేరు బళ్ళో అందరికీ తెలుసు. అక్కకి తెలియదని ఆయన నమ్మకం.

ఇక మొదటి ఆదివారం సంగతి.

అక్క చాప మీద కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని గోడ వైపు చూసింది.

“అక్కడ ఏదో ఉండేది కదరా?”

“గడియారం. బాగుచేయించడానికి ఇచ్చాను.”

వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడైంది. భార్యకి అన్నీ వినపడుతూనే ఉంటాయి.

“సర్లే,” అంటూ అక్క పుస్తకం విప్పింది. “ఎవరో కవిగారు రాశారంట. కలం పేరు పెట్టుకున్నాడు, అసలు పేరు వెయ్యలేదు. చదువుతుంటే మనింటి కిటికీలోంచి తొంగి చూసి రాసినట్టే ఉందిరా.”

మాస్టారు కిటికీ వైపు చూశారు. “ఆ రోజుల్లో అందరి ఇళ్ళూ అలాగే ఉండేవిలే అక్కా.”

“అంతేలే,” అని అక్క కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది.

“పొయ్యి అందక పీట ఎక్కిన అమ్మ
దండెం అందక బిందె బోర్లించిన అమ్మ
నన్ను చంకన వేసుకుని
ఓ పక్కకి ఒరిగిపోయిన అమ్మ
చీకటంటే తనకీ భయమేనని
నాకెన్నడూ చెప్పని అమ్మ
నా బడిగంట మోగగానే
గుమ్మంలో తలెత్తి నిలబడ్డ అమ్మ

ఇప్పుడు పొయ్యి నా నడుము ఎత్తులో ఉంది
బట్టలు ఉతికే మరలోనే ఆరిపోతున్నాయి
ఆ పీట ఎక్కడుందో ఎవరికీ తెలియదు
ఎక్కేవాళ్ళూ లేరు.”

చదివి కళ్ళజోడు పైకి తోసుకుంది. “బాగుందిరా. ఏడిపించాడు కవిగారు. సరే గానీ ఒక్కటి అర్థం కాలేదు. ఈవిడ పీట ఎందుకు ఎక్కింది?”

“పొయ్యి అందక.”

“ఎందుకు అందలేదు? పిల్లల తల్లి కదా, అంత పొట్టిదా?”

మాస్టారు గొంతు సవరించుకున్నారు. “అలా తీసుకోకూడదక్కా. అది ప్రతీక.”

“అంటే?”

“ఒకటి చెప్పి ఇంకొకటి స్ఫురింపజెయ్యడం.”

“అబద్ధం చెప్పడమా?”

“అబద్ధం కాదు...” అని నసిగారు. “సరే, ఇవన్నీ పరీక్షకి అక్కర్లేదు. నేను చెప్తాను, రాసుకో. పీట ఎక్కడమంటే కష్టాల మెట్టు ఎక్కడం. పిల్లల కోసం తల్లి తన శక్తికి మించి పైకి చేతులు చాచిందని కవి హృదయం.”

అక్క వంగి, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరమూ గుండ్రంగా రాసింది. రాశాక మళ్ళీ చదువుకుంది. “ఆహా, ఎంత మాటన్నారు కవిగారు! నేనింకా పొయ్యి అందలేదేమో అనుకున్నాను.”

మాస్టారు నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఆగింది. రాస్తున్న ఆ చేతికి మణికట్టు పైన కాలిన మచ్చ ఉంది. పాతది, ముడతల్లో కలిసిపోయింది. ఒకసారి పీట మీద నుంచి జారి మరుగుతున్న గంజి ఒంపుకుంది ఆ పిల్ల. ఎలా జారిందో మాస్టారికి గుర్తు లేదు, ఆయనకి అప్పుడు రెండేళ్ళు కూడా లేవు. పీట కాలు పట్టుకుని లాగింది తమ్ముడేనని పక్కింటావిడ తర్వాతెప్పుడో చెప్పింది. అక్క మాత్రం ఏ రోజూ చెప్పలేదు. కవితలోనూ ఆయన ఆ ముక్క రాయలేదు. అమ్మ అయినా సరే, అక్క అయినా సరే, పీట లాగిన పిల్లాడు కవితలో ఉంటే ఏం బాగుంటుంది?

“పీట ఎక్కినావిడ ఒక్కసారైనా జారి పడదా?” అంది అక్క, ఆయన మనసులోకి తొంగిచూసినట్టే. “కవిగారు అది రాయలేదేమిటో.”

“అన్నీ రాస్తారా అక్కా?”

“అంతేలే. ఏది ఎంత రాయాలో ఆయనకి తెలియదూ!”

అలా ప్రతి ఆదివారమూ ఒక్కో పాదం. బిందె బోర్లించడమంటే తన సుఖాన్ని బోర్లించుకోవడం అని రాయించారు. ఒరిగిపోవడమంటే సంసార భారం అన్నారు. చీకటి అంటే పేదరికం అన్నారు. అక్క అన్నిటికీ తలూపింది, అన్నీ రాసుకుంది. “కవిగారికి చీకటంటే భయం లేదేమో, దాన్ని కూడా డబ్బు కిందకే లెక్కేశాడు,” అని ఒకసారి చురక వేసి ఊరుకుంది. చీకట్లో తమ్ముడిని గట్టిగా పట్టుకుని, దయ్యాలూ లేవు గియ్యాలూ లేవు అంటూ వణికిపోయిన పిల్ల ఎవరో ఇద్దరికీ తెలుసు. మాస్టారు కుర్చీలో కూర్చోలేకపోయేవారు. ఊరికే లేచి కిటికీ తలుపు వేసి, మళ్ళీ తీసి, కూర్చునేవారు. తరగతిలో ఇదే పాఠం కళ్ళు మూసుకుని చెప్పే మనిషికి ఇంట్లో చాప మీద కూర్చున్న ఒక్క విద్యార్థిని ముందు చెమటలు పోసేవి.

ఆఖరికి గంట పాదం దగ్గరికొచ్చారు.

“నా బడిగంట మోగగానే గుమ్మంలో తలెత్తి నిలబడ్డ అమ్మ,” అని చదివి, అక్క పెన్ను చేతిలోనే పట్టుకుని ఆగింది. “ఏ గంటరా? పొద్దున గంటా, సాయంత్రం గంటా?”

మాస్టారికి ఆ గుమ్మం కనపడుతోంది. పలక పట్టుకుని తాను వీధి మలుపు దాటుతున్నారు. బళ్ళో గంట ఖంగుమంటోంది. వెనక్కి తిరిగి చూస్తే, చేతిలో కడగాల్సిన గిన్నెతో అక్క గుమ్మంలో నిలబడి ఉంది. తమ్ముడి వైపు చూడటం లేదు. తలెత్తి, బడి ఉన్న వైపు చూస్తోంది. గంట ఆగేదాకా చూసి లోపలికి పోయేది. ప్రతి పొద్దునా అంతే.

“సాయంత్రం అని రాసుకో,” అన్నారు మాస్టారు. “కొడుకు ఇంటికొచ్చే వేళ. దాన్ని మాతృ నిరీక్షణ అంటారు.”

“కవిగారు సాయంత్రం అని రాయలేదే?”

“రాయకపోయినా అర్థం అదే.”

“ఆయన్ని అడిగావా?”

“అడిగాను,” అనేశారు. నోరు దాటాక గానీ ఎంత మాట అన్నారో తెలియలేదు.

అబద్ధానికి అబద్ధం తోడు. ఇది ఇప్పుడు పుట్టిందీ కాదు. పాఠం కొత్తగా వచ్చిన ఏడాది, ఎవరో ఒక పిల్ల పరీక్షలో పొద్దున గంట అని రాసింది. కాగితాలు దిద్దేవాళ్ళకి సందేహం వచ్చి, రాసిన కవి అందుబాటులో ఉన్నాడు కదా అని మాస్టారికే ఫోన్ చేశారు. పొద్దున గంట అయితే తల్లి గుమ్మంలో ఎందుకు నిలబడుతుంది, కొడుకు అప్పుడే కదా వెళ్ళాడు అని అడిగారు. మాస్టారు “సాయంత్రమే. పొద్దున అని రాస్తే మార్కు తీసెయ్యండి,” అని తేల్చేశారు. అప్పటి నుంచి దిద్దేవాళ్ళందరికీ అదే లెక్క. ఆ రాసిన పిల్ల ఎవరో, వాళ్ళింట్లో ఎవరు గుమ్మంలో నిలబడ్డారో ఆయన ఆలోచించలేదు.

ఇప్పుడు అక్క తలొంచుకుని ‘సాయంత్రం’ అని రాస్తోంది. మాస్టారు ఇక ఆగలేకపోయారు.

“అక్కా...”

“ఏంట్రా?”

సరిగ్గా అప్పుడే భార్య టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. మాస్టారు గ్లాసు అందుకున్నారు. “ఏం లేదు. ఈ పాదానికి ఎక్కువ మార్కులుంటాయి, బాగా చదువుకో.”

అక్క ఆయన మొహంలోకి కొంచెం సేపు చూసింది. తర్వాత టీ తాగి, మరదలి చేత మోకాలికి ఏదో తైలం రాయించుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి, భార్య లోపలికొచ్చింది. వస్తూనే మంచం కింద నుంచి ఫోటో లాగి మాస్టారి ముందు పెట్టింది.

“అత్తయ్యగారు గుమ్మంలో తల వంచుకుని వచ్చేవారు. నేను కళ్ళారా చూశాను. ఆవిడ పీట ఎక్కడమేమిటండీ?”

మాస్టారు ఫోటోలోని తన తడి కళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు.

“ఇన్నేళ్ళూ ఎంత తెలివితక్కువదాన్ని,” అంది ఆవిడ. “చదివినప్పుడల్లా ఏడ్చాను కూడా. ఎక్కింది వదినే కదూ?”

“అవును.”

“అవునంటే నాతో కాదు, ఆవిడతో అనండి. మీరు ఆవిడ చేతే ఆవిడ లేదని రాయిస్తున్నారండీ! పరీక్షకి ముందే చెప్పండి. తర్వాత చెప్తే అది చెప్పడం కాదు.”

మాస్టారు చెప్పి తీరాలి అనుకున్నారు. మర్నాడు బడి వదలగానే నేరుగా అక్క ఇంటికి వెళ్ళారు. ఆవిడ కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని ఉంది. ఒళ్ళో చొక్కా, పక్కన చొక్కాల గుట్ట. చిన్న కత్తెర మొనతో పట్టీ మీద గాటు పెట్టి, అంచులు చుట్టూ దారంతో కుట్టుకుంటూ వస్తోంది.

“కొయ్యడానికి భయం వెయ్యదా అక్కా? కొత్త గుడ్డ కదా,” అన్నారు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“కొయ్యకుండా కాజా ఎలా వస్తుందిరా? గుండీ పెట్టుకోవద్దూ!” అని నవ్వింది. “ఏంటి ఇలా వచ్చావు? ఆదివారం కాదే.”

చెప్పండి మాస్టారూ! అక్కడ ఎవరూ లేరు. టీ గ్లాసులు పట్టుకుని ఎవరూ రాలేదు. ఆవిడ సూది ఆపి మరీ ఎదురు చూసింది. ఆయన నోరు తెరిచారు. “హాల్ టికెట్ వచ్చిందేమో కనుక్కుందామని,” అన్నారు.

“వచ్చింది,” అంది అక్క. మళ్ళీ సూది కదిలింది. “అంతేనా?”

“అంతే.”

“సరే. జాగ్రత్తగా వెళ్ళు.”

ఆ రోజు ఇంటికి నడుస్తూ దారి పొడుగునా తనని తాను తిట్టుకున్నారు. పిరికిపంద, దొంగ, ఇంకా రాయకూడనివి. తిట్టుకోవడం తేలికే. నాలుగు తిట్లు తిట్టుకుంటే ఏదో చెల్లించేసినట్టు ఉంటుంది. ఇంటికొచ్చేసరికి ఆకలి కూడా వేసింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. మాస్టారు సెలవు పెట్టి అక్కని తీసుకెళ్ళారు. అది ఆయన పనిచేసే బడి కాదు, ఇంకొకటి. గేటు ముందు అన్ని వయసులవాళ్ళూ ఉన్నారు. అక్క ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, తలకి నూనె పెట్టి నున్నగా దువ్వుకుని, అట్ట గుండెలకి హత్తుకుని నిలబడింది.

మాస్టారు ఇప్పుడైనా చెప్పేయాలనుకున్నారు. “అక్కా, ఆ కవిత సంగతి...”

గంట మోగింది.

అక్క తలెత్తింది. గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డ పిల్ల ఎలా చూసేదో అచ్చం అలాగే చూసింది. అయితే ఈసారి గంట ఆగేదాకా నిలబడలేదు. “కొట్టేశార్రా, వెళ్తున్నా,” అని, మోకాలు లాగుతున్నా పట్టించుకోకుండా, ఒక పక్కకి ఒరుగుతూ గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారు బయట చెట్టు నీడలో రాయి మీద కూర్చున్నారు. లేచారు. మళ్ళీ కూర్చున్నారు. ఆ ప్రశ్న రాకుండా ఉంటే బాగుండునని మొక్కుకున్నారు. వస్తే అక్క నిజమే రాస్తే బాగుండునని మొక్కుకున్నారు. నిజం రాస్తే మార్కులు పోతాయని మళ్ళీ భయపడ్డారు. తాను ఏది కోరుకున్నా అది అక్క నెత్తి మీదకే వస్తోందని ఆయనకి అప్పటికి అర్థమైంది.

పరీక్ష వదిలారు. అక్క వేలికి సిరా పూసుకుని, మొహమంతా వెలుగుతో వచ్చింది.

“వచ్చిందిరా! మొదటి ప్రశ్నే అది. ‘పీట ఎక్కిన అమ్మ కవితలో తల్లి పాత్రను విశ్లేషించండి.’ రెండు పేజీలు నింపాను.”

“ఏం రాశావు?”

“నువ్వు చెప్పిందే. కష్టాల మెట్టు, సంసార భారం, అన్నీ పొల్లు పోకుండా.”

మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈసారి మైకు ముందు కాదు. చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోలేదు. “అక్కా, ఆ కవిని నేనే.”

“తెలుసు.”

“పీట ఎక్కింది అమ్మ కాదు.”

“అది నువ్వు చెప్పాలట్రా? ఎక్కింది నేను.”

అక్క గోడ వారన నిలబడి, సంచి కింద పెట్టి, మోకాలు రుద్దుకుంది. “నీకు సభ జరిగిన తర్వాత దర్జీ కొట్టు నుంచి పాత పేపర్లో చుట్టిన చొక్కాలొచ్చాయి. విప్పితే నీ బొమ్మ. పక్కనే ఈ కవిత. కూడబలుక్కుని చదివాను. పోనీలే, అమ్మకి మంచి పేరొచ్చింది అనుకున్నాను. చచ్చినావిడ, ఎంత కష్టపడిందో మనకి తెలియదా? దానికి నాకేం బాధ లేదురా.”

“మరి నా దగ్గరికి పాఠానికి ఎందుకొచ్చావు?”

“పరీక్ష నా కోసమే కట్టాను. అంత పిచ్చిదాన్నేం కాదు. మా వీధి చివర టీచరమ్మ ఉంది, పిలిచి మరీ చెప్తుంది. నీ దగ్గరికి వచ్చింది మాత్రం, నువ్వే ఒకరోజు నోరు విప్పుతావని.” రెండు చేతులూ ఆయన ముందుకి చాపింది. “లోకానికి ఏమన్నా చెప్పుకో. నాకు చెప్పడానికి ఏమైందిరా నీకు? నీ మూతి తుడిచిన చేతులేగా ఇవి.”

మాస్టారు తల ఎత్తలేకపోయారు. “తప్పైపోయిందక్కా,” అన్నారు. ఆ మాట ఆయన చెవులకే చాలా చిన్నదిగా వినపడింది. “తెలిసీ... కనీసం పరీక్షలో అయినా నిజం రాయొచ్చు కదా.”

“నిజానికి మార్కులిస్తారట్రా? గైడులో అలా లేదుగా. నువ్వు రాసిన గైడే. తప్పి మళ్ళీ ఇంట్లో కూర్చోమంటావా నన్ను?”

అక్కే మళ్ళీ అంది, కొంచెం సిగ్గుపడుతున్నట్టు.

“ఒక్క చోట మాత్రం నీ మాట వినలేదు. సాయంత్రం గంట అని రాయడానికి ఎంత ప్రయత్నించినా చెయ్యి రాలేదురా. పొద్దున గంట అనే రాశాను. ఒక్క మార్కేగా, పోతే పోయింది. అయినా అంత చిన్నదానికి ఎవరు తీస్తారులే.”

మాస్టారు గేటు ఊచ పట్టుకున్నారు. లోపల ఆయాలు గదుల తలుపులు మూస్తున్నారు. కాగితాలు కట్టలు కట్టి ఆటోలోకి ఎక్కిస్తున్నారు.

“తీస్తారక్కా.”

“ఎవర్రా?”

“నేనే. పొద్దున అని రాసినవాళ్ళకి తీసెయ్యమని వాళ్ళకి చెప్పింది నేనే.”

అక్క తిట్టలేదు. నవ్వనూ లేదు. వంగి సంచి తీసి ఆయన చేతికిచ్చింది.

“ఇది పట్టుకో. మోకాలు లాగుతోంది,” అంది.